మందుల గడిలో తగ్గిన 820 రూపాయలు

మా ఇంటి లెక్కల పుస్తకంలో 2021 మార్చి పేజీ ఒకటుంది. పాలు, కూరగాయలు, కరెంటు, గ్యాసు, ఫీజులు, అన్నిటికీ గళ్లు గీసి ఉంటాయి. కింద నుంచి మూడోది మందుల గడి. ఫిబ్రవరిలో అందులో 1,840 రూపాయలు రాసి ఉంది, మార్చిలో 1,020. ఆ 1,020 పక్కన నేనే ఎర్ర సిరాతో టిక్కు పెట్టాను. ఖర్చు తగ్గిన గడికల్లా టిక్కు పెట్టడం అప్పట్లో నా అలవాటు. నెలాఖరున టిక్కులు లెక్కపెట్టుకుని, మిగిలిన డబ్బు ఇంటి అప్పుకు జమ చేసి, హాయిగా నిద్రపోయేదాన్ని.

ఆ టిక్కు సంగతి చెప్పాలంటే ముందు అప్పు సంగతి చెప్పాలి.

2018 జనవరిలో విజయవాడ శివారు పోరంకిలో ఫ్లాటు కొన్నాం. బ్యాంకు అప్పు 30 లక్షలు, వడ్డీ ఎనిమిదిన్నర శాతం, గడువు 20 ఏళ్లు, నెలకు 26,035 రూపాయల వాయిదా. ఇద్దరి జీతాలూ కలిపి 78 వేలు. రెండేళ్లు నోరెత్తకుండా కట్టాం. 2020 జనవరిలో పన్ను కాగితాల కోసం స్టేట్‌మెంట్ తీయించాను. రెండేళ్లలో మేం కట్టింది 6 లక్షల 24 వేల పైచిలుకు. అసలులో తగ్గింది సుమారు లక్షా పాతిక వేలు. మిగిలిన ఐదు లక్షలూ వడ్డీ కింద పోయాయి.

నేను పని చేసేది ఒక సంస్థ లెక్కల విభాగంలోనే. మొదటి నెల వాయిదాలో 21,250 వడ్డీకి పోయి 4,785 మాత్రమే అసలుకు చేరుతుందని నాకు తెలియక కాదు. తెలియడం వేరు, ఆ కాగితం చేతిలో పట్టుకుని బ్యాంకు మెట్ల మీద నిలబడటం వేరు. ఆ రాత్రి కూర్చుని లెక్క కట్టాను. ఆ దశలో ఒక్క లక్ష అదనంగా కడితే, వాయిదా మార్చకపోతే, చివర్లో 16 నెలల వాయిదాలు ఎగిరిపోతాయి. అంటే లక్ష పెడితే నాలుగు లక్షల పైన కట్టే బాధ తప్పుతుంది. ఏటా ఒక్క వాయిదా ఎక్కువ కట్టినా ఇరవై ఏళ్ల అప్పు మూడున్నరేళ్ల ముందే తీరుతుంది. పైగా మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పు ముందే తీరిస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పేసింది. ఇంకేం కావాలి? మా వారిని నిద్ర లేపి మరీ చూపించాను. ఆయన కళ్లు నులుముకుని, "అయితే కట్టేద్దాం" అన్నారు.

అలా మొదలైంది. ఆ ఫిబ్రవరి నుంచి నెలకు 15 వేలు అదనం. లాక్‌డౌన్‌లో వాయిదాలు ఆపుకోవచ్చని ఆరు నెలల వెసులుబాటు వచ్చినప్పుడు కూడా మేం తీసుకోలేదు, పైగా చుట్టుపక్కల వాళ్లకు చెప్పుకుని మురిసిపోయాం. వారానికి రెండుసార్లు వచ్చే చేపలు నెలకోసారి అయ్యాయి. ఏసీ మరమ్మతు వాయిదా పడింది. రెండు సంక్రాంతులకు ఊరు వెళ్లలేదు. ఒకటి కరోనా ఖాతాలో పోయింది గానీ, రెండోది మాత్రం పూర్తిగా మా లెక్కల పుస్తకం పుణ్యమే. మా వారు ఆదివారాలు ఇంటర్ పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు, ఉదయం మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు. తలుపు వేసి ఉండేది. మా చిన్నవాడికి సైకిల్ నేర్పింది మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. వాడు మొదటిసారి పడకుండా చుట్టూ తిరిగి వచ్చి తలుపు కొడితే, "క్లాసు జరుగుతోంది, నాన్నను కదిలించకు" అని పంపేసింది నేను.

ఇంత పొదుపులోనూ మా తెలివితక్కువతనం చూడండి. ఫ్లాటు రిజిస్ట్రేషన్ సమయంలో డబ్బు చాలక మా పెదనాన్న గారి అబ్బాయి దగ్గర లక్షన్నర తీసుకున్నాం, నూటికి రూపాయిన్నర వడ్డీకి. అంటే ఏడాదికి 18 శాతం. ఆ అప్పును అలాగే ఉంచి, ఎనిమిదిన్నర శాతం అప్పును పరుగులు పెట్టి తీరుస్తున్నాం! లెక్కలు చూసే మనిషికి కూడా ఇది ఎందుకు తోచలేదంటే, అన్నయ్య అప్పుకు స్టేట్‌మెంట్ లేదు. ఫోను తెర మీద రోజురోజుకూ తగ్గే అంకె లేదు. బ్యాంకు యాప్‌లో అంకె తగ్గుతుంటే వచ్చే మత్తు ప్రోనోటులో రాదు. ముందుగా అప్పులు తీర్చేద్దామనుకునే వాళ్లలో మాలాంటి వాళ్లు చాలామందే ఉంటారని నా అనుమానం. క్రెడిట్ కార్డు బాకీ, తాకట్టు బంగారం, చేబదుళ్లు అలాగే ఉంటాయి. పెద్దగా కనిపిస్తుందని ఇంటి అప్పు మీద పడతారు. నిజానికి మామూలు కుటుంబానికి దొరికే అప్పుల్లో చవకైనది ఇంటి అప్పే. వరసలో అది ఆఖరున రావాలి.

2021 నవంబరులో ఒక తెల్లవారుజామున మా అత్తయ్య, అంటే మా వారి అమ్మ, స్నానాలగదిలో కళ్లు తిరిగి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో రక్తపోటు చూస్తే పైది 190 దాటి ఉంది. డాక్టరు నా వైపు చూసి, మందులు సరిగ్గా వేస్తున్నారా అని అడిగారు. వేస్తున్నామని గట్టిగానే చెప్పాను. చీటీ నేనే రాస్తాను, డబ్బు నేనే ఇస్తాను, బిల్లు నేనే పుస్తకంలో ఎక్కిస్తాను, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది?

చీరలు తేవడానికి ఇంటికి వచ్చి ఆమె బీరువా తీశాను. పై అరలో పాత హార్లిక్స్ సీసా. మూత తీస్తే లోపల న్యూస్‌పేపరు ముక్కల్లో మడిచిన చిన్న చిన్న పొట్లాలు. ఒక్కో పొట్లంలో సగానికి విరిచిన మాత్రలు. కొన్ని నేరుగా విరిగాయి, కొన్ని పొడి అయ్యాయి. పొడి కూడా పారేయకుండా అందులోనే ఉంచారు. రెండు రకాల బీపీ మాత్రల్లో ఒకటి రోజు విడిచి రోజు, రెండోది రోజుకు సగం. ఎనిమిది నెలలుగా. షాపుకు వెళ్లే మా వారికి, "ఇంకా ఉన్నాయి నాయనా, ఈ నెల ఒక అట్టే చాలు" అని చెప్పేవారట. ఆయన బిల్లు తెచ్చి నాకిచ్చేవారు. నేను టిక్కు పెట్టేదాన్ని.

చేతికి ఆపరేషన్, నాలుగు రోజుల ఆసుపత్రి, అన్నీ కలిపి లక్షా పది వేలు అయింది. చేతిలో డబ్బు లేదు. 22 నెలల్లో అదనంగా కట్టిన 3 లక్షల 30 వేలూ బ్యాంకు గల్లాలో భద్రంగా ఉన్నాయి. అవి తిరిగి రావు. అదే బ్యాంకులో నా గాజులు తాకట్టు పెట్టాను. ఇంటి అప్పు కన్నా ఎక్కువ వడ్డీకి.

ఇక్కడి నుంచి నా వాదన. అప్పు ముందే తీర్చాలా వద్దా అని ఎవరైనా అడిగితే, తీర్చాలనే ఇప్పటికీ చెబుతాను. కానీ ఆ అదనపు డబ్బు ఇంట్లో ఎవరి దగ్గర నుంచి వస్తోందని ఎదురు ప్రశ్న వేస్తాను. డబ్బు ఊరికే పుట్టదు. జీతం అంతే ఉండి అప్పు వేగంగా తగ్గుతోందంటే ఎవరో ఒకరు తమ వాటా వదులుకుంటున్నారన్నమాట. మా ఇంట్లో ఆ వదులుకున్నది నేను కాదు, మా వారు కొంత, చిన్నవాడు కొంత, అందరికన్నా ఎక్కువ అత్తయ్య. మేం తీర్చామనుకున్న అప్పు నిజానికి బ్యాంకు నుంచి ఇంట్లోకి మారింది, అంతే. ఆ కొత్త అప్పుకు కూడా వడ్డీ ఉంటుంది, అది స్టేట్‌మెంటులో రాదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక అత్తయ్యను అడిగాను, ఎందుకిలా చేశారని. కోపంగానే అడిగాను. ఆమె కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని, "నోటు తిరగరాయకుండా తీరాలి కదమ్మా" అన్నారు.

వాళ్లది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆమె కాపురానికొచ్చి ఐదేళ్లు. ఇల్లు, ఎడ్లు, విత్తనాలు అన్నీ పోయాయి. మనుషులు మిగలడమే అదృష్టం అన్న రోజులు. మళ్లీ సేద్యం మొదలుపెట్టడానికి మా మామగారి తండ్రి ఐదు వేలు తెచ్చారు, నూటికి రెండు రూపాయల వడ్డీ, ప్రోనోటు మీద. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది కాబట్టి, ఆ లోపు వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. పల్లెల్లో దాన్నే నోటు తిరగరాయడం అంటారు. ఐదు వేలకు మూడేళ్ల వడ్డీ 3,600. కొత్త నోటు 8,600కు. ఇంకో మూడేళ్లకు 14,792. తొమ్మిదేళ్లు తిరిగేసరికి పాతిక వేలు దాటింది. రెండెకరాలు రాసిచ్చారు. ఆ కాగితం మీద మామగారి తండ్రి వేలిముద్ర వేస్తున్నప్పుడు అత్తయ్య గుమ్మం వెనక నిలబడి ఉన్నారట. "పిలిచి అడగలేదు, ఎదురు చెప్పే వయసూ కాదు" అన్నారు.

అందుకే ఆమె ఎప్పుడూ మా లెక్కలు అడగకుండా, తనకు తెలిసిన పద్ధతిలో అప్పు తీర్చడంలో చేయి వేశారు. ఇది త్యాగం అని పొగిడే వాళ్లున్నారు, మా చుట్టాల్లోనే. నాకు ఆ మాట వినబుద్ధి కాదు. ఇంట్లో పెద్దావిడ మాత్ర విరుచుకుంటే అది ఆ ఇంటి లెక్కలు చూసే మనిషి అసమర్థత, అంతే.

నోటు తిరగరాయడం పాతకాలపు ముచ్చట అనుకున్నాను గానీ, మరుసటి ఏడే అది మా ఇంటికీ వచ్చింది. 2020లో వడ్డీలు బాగా తగ్గినప్పుడు మా అప్పును రెపో రేటుకు, అంటే రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీకి, ముడిపెట్టిన పద్ధతిలోకి మార్పించుకున్నాం. అప్పుడు రెపో 4 శాతం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల అది ఆరున్నరకు చేరింది. వాయిదా మారలేదు కాబట్టి మాకు ఏమీ తెలియలేదు. ఒక రోజు యాప్‌లో చూస్తే ఆఖరి వాయిదా తేదీ ఇంకో రెండేళ్ల దాకా దూరం జరిగి ఉంది. అడగకుండా, సంతకం లేకుండా గడువు పెంచేశారు. అత్తయ్యకు చూపిస్తే ఒక్క మాటలో తేల్చేశారు: "తిరగరాశారన్నమాట." దేశమంతా ఇదే గోల ఉండబట్టే కాబోలు, 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చింది. వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంచెం కొంచెం మార్చుకుంటారా అని అప్పు తీసుకున్న మనిషిని అడగాలి. మీ అప్పు కూడా రెపోతో ముడిపడి ఉంటే ఆఖరి తేదీ ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. 2025లో రెపో మళ్లీ తగ్గింది, ఆ తగ్గుదల మీ లెక్కలోకి వచ్చిందో లేదో కూడా.

ఇక మా ఆఫీసులో ఒక వాదన ఉంది. ఎనిమిదిన్నరకు అప్పు దొరుకుతుంటే తీర్చడమెందుకు, ఆ డబ్బు సిప్‌లో, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండులో, వేస్తే పన్నెండు శాతం వస్తుంది కదా అని. కాగితం మీద తిరుగులేదు. 2020 జనవరిలో 41 వేల పైనున్న షేర్ల సూచీ సెన్సెక్స్ మార్చి 23న 26 వేల దిగువన ముగిసింది. ఆ ఏడాది చివరకు మళ్లీ లేచిందనుకోండి, కానీ ఆ ఏప్రిల్‌లో డబ్బు అవసరమైన వాళ్లకు డిసెంబరు కథ చెప్పి లాభం లేదు. పన్ను మినహాయింపు మాట కూడా పాతబడింది. పాత పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటికి ఏడాదికి 2 లక్షల దాకా వడ్డీ మినహాయింపు ఉంది, కొత్త విధానంలో అది లేదు. అన్నిటికీ మించి, ఈ వాదన చేసే వాళ్లలో ఆ తేడా డబ్బును నిజంగా నెలనెలా మదుపు చేసే వాళ్లను నేను ఇద్దరినే చూశాను. మిగిలిన వాళ్లు కారు కొన్నారు.

మేం మార్చుకున్నది రెండు విషయాలు. ముందు అన్నయ్య బాకీ, గాజుల తాకట్టు తీర్చేశాం. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా పోగయ్యేదాకా ఇంటి అప్పుకు అదనంగా ఒక్క రూపాయి కట్టలేదు. ఇంటి అప్పునే ఓవర్‌డ్రాఫ్ట్ తరహాలో ఇచ్చే బ్యాంకులున్నాయి. అందులో అదనపు డబ్బు వేస్తే వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. మొదటే అది ఎంచుకోవాల్సింది, వడ్డీ కాస్త ఎక్కువైనా. ఆ తరువాత అదనపు చెల్లింపు అంతా కొత్తగా వచ్చిన డబ్బులోంచే: బోనసు, జీతం పెరిగితే ఆ పెరిగిన దాంట్లో సగం. అలవాటు పడని డబ్బును అప్పుకు పంపితే ఇంట్లో ఎవరి గిన్నె ఖాళీ కాదు. నెల జీతంలోంచి, తిండిలోంచి, ఆదివారాల్లోంచి తీయడం మానేశాం. మా వారు క్లాసులు ఆపేశారు. అయితే అప్పటికి చిన్నవాడు సైకిల్ మీద రెండు చేతులూ వదిలేసి తిరుగుతున్నాడు, నాన్న నేర్పడానికి ఏమీ మిగల్లేదు.

రెండోది చెబితే డబ్బు తెలిసిన వాళ్లు నన్ను కోప్పడతారు. అదనంగా కట్టినప్పుడు బ్యాంకు అడుగుతుంది, గడువు తగ్గించాలా వాయిదా తగ్గించాలా అని. గడువు తగ్గించుకోండి, వడ్డీ ఎక్కువ మిగులుతుంది అంటారు అందరూ. 2023లోనూ 2024లోనూ లక్షన్నర చొప్పున కట్టి, రెండుసార్లూ నేను వాయిదానే తగ్గించమన్నాను. 26,035 కాస్తా 22 వేల చిల్లరకు దిగింది. మంచి నెలల్లో ఆ తేడాను మేమే అదనంగా కడతాం, అప్పుడు లెక్క గడువు తగ్గించుకున్న దానితో దాదాపు సమానమే అవుతుంది. చెడ్డ నెలల్లో కట్టం. 2024 చివర్లో మా వారి ఉద్యోగం పోయి రెండు నెలలు ఒక్క జీతమే వచ్చింది. అప్పుడు తప్పనిసరిగా కట్టాల్సింది నాలుగు వేలు తక్కువ కావడం విలువ ఎంతో తెలిసింది. గడువు తగ్గించుకున్న లాభం పదేళ్ల తరువాత వస్తుంది. వాయిదా తగ్గించుకున్న ఊపిరి ఈ నెలలోనే ఆడుతుంది. పిల్లల చదువులు, పెద్దల వైద్యం అన్నీ ఈ పదేళ్లలోనే ఉన్న ఇంటికి నా సలహా ఇదే, వడ్డీలో కొన్ని వేలు నష్టమైనా సరే.

అయితే అత్తయ్య ఒప్పుకోరు. ఇప్పుడు ప్రతి మార్చిలోనూ బోనసు వచ్చాక అందరం భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఎంత కట్టాలో తేల్చుకుంటాం. ఇంటర్‌కు వచ్చిన మా పెద్దమ్మాయి కూడా స్టేట్‌మెంటు చదువుతుంది. అందరికన్నా ఎక్కువ కట్టమనేది అత్తయ్యే. "నేను ఉండగా కాగితాలు ఇంటికి రావాలి" అంటారు. అప్పు తీరాక 30 రోజుల్లో అసలు దస్తావేజులు వెనక్కివ్వాలని, ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున బ్యాంకే ఎదురు కట్టాలని 2023 డిసెంబరు నుంచి నిబంధన ఉందని చెబితే, ఆమెకు అది పట్టదు. రాసిచ్చిన రెండెకరాల కాగితం ఎన్నటికీ తిరిగి రాలేదు, ఆమెకు తెలిసింది అది. అప్పు లేదన్న నిశ్చింతకు ఏ లెక్కలోనూ గడి లేదు. దానికి ఎంత వెల కట్టాలో నాకు ఇప్పటికీ తేలలేదు. అందుకే బోనసు మొత్తం తన మాట ప్రకారం కాకపోయినా, మేమిద్దరం అనుకున్న దానికి ఏటా ఇరవై వేలు కలిపి కడుతున్నాం. అది ఆమె వాటా.

ఈ జనవరికి ఎనిమిదేళ్లు నిండాయి. ఇంకా 13 లక్షల చిల్లర ఉంది. అత్తయ్య తన బీరువాలో కింది అర ఖాళీ చేసి, కలరా ఉండలు వేసి, పాత పట్టుపంచె పరిచి ఉంచారు, దస్తావేజుల కోసం.

పోయిన నెల డాక్టరును అడిగి ఆమె మందులు కొన్ని జన ఔషధి దుకాణంలో తేవడం మొదలుపెట్టాం. అదే మందు, పేరు వేరు, ధర బాగా తక్కువ. నెలాఖరున పుస్తకం తెరిచి మందుల గడిలో 930 రాశాను. అంతకు ముందు నెల 2,210. ఎర్ర పెన్ను పక్కనే ఉంది. లేచి వెళ్లి, ఆమె నిద్రపోతుండగా మంచం పక్కన డబ్బా తీసి మాత్రలు లెక్కపెట్టాను. పద్నాలుగు ఉండాలి. పద్నాలుగే ఉన్నాయి. అన్నీ గుండ్రంగానే ఉన్నాయి.